కంచెకు ఇవతలి విమానయానం

విమానయానం గురించి ఇంతవరకు వచ్చిన రచనల్లో అధిక భాగం రెండు వర్గాల వారి అనుభవాలే: విమానాన్ని నడిపేవారు ఒక వర్గం, అందులో కూర్చుని వెళ్లేవారు మరో వర్గం. ఎక్కడికీ వెళ్లే పని పెట్టుకోకుండా, టికెట్టు కొనకుండా, నేల మీదే నిలబడి వచ్చే విమానాన్నీ పోయే విమానాన్నీ కళ్లప్పగించి చూసే మూడో వర్గం ఒకటుందని, ఆ వర్గానికీ తనదైన చరిత్ర, క్రమశిక్షణ, కొలువు తీరే చోటు ఉన్నాయని గుర్తించినవారు తక్కువ. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విమానాశ్రయాన్ని ఆనుకుని రింగ్‌వే రోడ్డు మీద ఉన్న ఎయిర్‌పోర్ట్ పబ్ అలాంటి చోట్లలో పేరున్నది. పక్కనున్న స్టాక్‌పోర్ట్ పట్టణంలో 1838లో మొదలైన రాబిన్సన్స్ అనే బీరు తయారీ సంస్థకు చెందిన ఈ పబ్‌కు వెనుక ఒక తోట ఉంది. తోట చివర విమానాశ్రయపు ప్రహరీ కంచె, కంచెకు అవతల విమానాలు రన్‌వే ఎక్కే ముందు వరుసలో ఆగే చోటు, దానికి ఆనుకుని మొదటి రన్‌వే ఈశాన్యపు కొస. తోటలోని బల్ల దగ్గర కూర్చున్న మనిషికీ కదిలే విమానానికీ మధ్య ఇంత తక్కువ దూరం ఉండే ప్రదేశాలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే.

పబ్ అనగానే తెలుగు పాఠకుడి మనసులో జూబ్లీహిల్స్‌లోని రంగుదీపాలు, చెవులు దద్దరిల్లే సంగీతం, తలుపు దగ్గర కండలు తిరిగిన కాపలాదారు మెదలడం సహజం గనుక ఇక్కడ కొంత వివరణ అవసరం. ఇంగ్లండ్‌లో పబ్ అనేది ఆ పేటకు ఉమ్మడి చావడి వంటి స్థలం. పెద్దవాళ్లు బీరు తాగుతారు, పిల్లలు వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు తింటారు, ముసలివాళ్లు ఒక్క గ్లాసుతో మధ్యాహ్నమంతా గడిపేస్తారు, ఎవరూ లేవమని అడగరు. ఈ చివరి సౌకర్యమే విమానాలు చూసేవారికి అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే వారి వ్యసనానికి కావలసినది మద్యం కన్నా ఎక్కువగా సమయం. ఒక విమానానికీ మరో విమానానికీ మధ్య ఏమీ జరగని నిమిషాలను గడపడానికి కుర్చీ, నీడ, తాగడానికేదో ఒకటి ఉంటే చాలు. పబ్ అవి మూడూ ఇస్తుంది.

తోటలో కూర్చున్నవారికి ఆ రోజు ఏమి కనిపిస్తుందో నిర్ణయించేది గాలి. విమానం ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ గాలికి ఎదురుగా సాగుతుంది, ఎందుకంటే రెక్కల మీదుగా పారే గాలివేగమే దాన్ని పైకి నిలుపుతుంది, ఎదురుగాలి ఆ వేగంలో కొంత ఉచితంగా సమకూరుస్తుంది. ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ రోజులు పడమటి గాలి వీస్తుంది గనుక మాంచెస్టర్‌లో విమానాలు సాధారణంగా ఈశాన్యం నుంచి, అంటే స్టాక్‌పోర్ట్ ఇళ్ల మీదుగా వచ్చి, పబ్ ముందు నుంచే రన్‌వే మీద వాలుతాయి. గాలి తిరగబడి తూర్పు నుంచి వీచిన రోజున వ్యవహారమంతా తారుమారై, వాలే విమానాలు అవతలి కొస నుంచి వస్తాయి, ఎగిరేవి పబ్ వైపు వచ్చేసరికి బాగా పైకి లేచిపోయి ఉంటాయి. 2001లో రెండో రన్‌వే వచ్చాక, రద్దీ వేళల్లో ఒక రన్‌వే దిగడానికీ మరొకటి ఎగరడానికీ కేటాయించడం వల్ల పడమటి గాలి రోజుల్లో పబ్ వారి వాటాకు వాలే విమానాలు మిగిలాయి. రద్దీ తగ్గి ఒక్క రన్‌వేతోనే పని నడిచే వేళల్లో మాత్రం రెండు వేడుకలూ తోట ముందే జరుగుతాయి.

రన్‌వే కొసన తెల్లరంగుతో రాసిన అంకెకు కూడా గాలితోపాటు భూమి లోపలి సంగతులతో సంబంధం ఉంది. రన్‌వే ముఖం దిక్సూచి మీద ఎన్ని డిగ్రీల వైపు ఉందో చూసి, దాన్ని పదికి సవరించి, చివరి సున్నా తీసేస్తే వచ్చేదే ఆ అంకె. పబ్ పక్కనున్న కొస పేరు 23 కుడి, అంటే దిక్సూచిలో సుమారు 230 డిగ్రీల వైపు సాగే జంట రన్‌వేలలో కుడివైపుది. అయితే ఒకప్పుడు దీన్నే 24 అనేవారు. రన్‌వే అంగుళం కూడా జరగలేదు. భూమి అయస్కాంత ఉత్తరం ఏళ్ల తరబడి మెల్లగా పక్కకు జరుగుతూ రావడం వల్ల అంకె మార్చక తప్పలేదు. మూడు కిలోమీటర్ల తారు బాట పేరును భూగర్భంలో కరిగి తిరుగుతున్న ఇనుము తిరగరాసిందన్న ఈ ఒక్క సంగతి తెలిశాక, ఆ తోటలో ఊరికే కూర్చున్నట్టు కనిపించే మనిషి ఎంత పెద్ద వ్యవహారానికి సాక్షిగా కూర్చున్నాడో అర్థమవుతుంది.

వాలే విమానం కిందికి జారే కోణం మూడు డిగ్రీలు. ఈ లెక్కన నేలను తాకే చోటికి కిలోమీటరు దూరంలో విమానం సుమారు 52 మీటర్ల ఎత్తున ఉంటుంది. వేగం గంటకు 250 కిలోమీటర్లకు అటూఇటూ. దూరాన ముందుగా కనిపించేది దీపమే. ఒక తెల్లటి చుక్క ఆకాశంలో కదలకుండా నిలిచినట్టు ఉంటుంది, ఎందుకంటే అది సరిగ్గా చూసేవారి దిశగానే వస్తోంది. తర్వాత ఆ చుక్కకు రెండు పక్కలా రెక్కలు మొలుస్తాయి, రెక్కల వెనుక అంచున ఫ్లాపులు, అంటే తక్కువ వేగంలోనూ విమానాన్ని నిలపడానికి చాచే అదనపు పలకలు, వంగి వేలాడుతుంటాయి. పక్కగాలి బలంగా ఉన్న రోజున అసలు విద్య బయటపడుతుంది: ఏరు దాటే పడవవాడు ప్రవాహానికి కొట్టుకుపోకుండా పడవ ముక్కును ఎగువకు తిప్పి నడిపినట్టే, పైలట్ విమానం ముక్కును గాలివైపు తిప్పి, రన్‌వేకు ఏటవాలుగా ఉన్న విమానాన్ని ఏటవాలుగానే తీసుకువచ్చి, చక్రాలు నేలను తాకబోయే క్షణాన పాదాలతో తోక చుక్కానిని తిప్పి విమానాన్ని బాట వెంబడి తిన్నగా సరిచేస్తాడు. ఆ క్షణాన్ని టెర్మినల్ కిటికీలో నుంచి చూడడం కష్టం, విమానం లోపలి నుంచి చూడడం అసాధ్యం; చూడగలిగేది రన్‌వే కొసన నిలబడ్డవాడు ఒక్కడే.

చక్రాలు తాకిన చోట లేచే తెల్లని పొగ గురించి కూడా ఒక మాట. గాలిలో తిరగకుండా ఉన్న చక్రం ఒక్కసారిగా విమానపు వేగాన్ని అందుకోవలసి రావడంతో టైరు రబ్బరు నేల మీద రాసుకుని కాలుతుంది. రన్‌వే కొసన నల్లగా పరుచుకున్న చారలు అలా రాలిన రబ్బరే, అది పేరుకుపోతే వానలో చక్రాలు జారతాయి గనుక అప్పుడప్పుడు నీటిధారలతో దాన్ని గీకించవలసి ఉంటుంది. విమానం దాటిపోయి, దాని రొద అణగిన కొన్ని సెకన్లకు గాలిలో ఎవరో పట్టుబట్ట చింపినట్టు ఒక చప్పుడు వినిపించడం కూడా ఇలాంటి చోట్లకే ప్రత్యేకం. రెక్కల కొసల నుంచి వెనక్కి చుట్టలు తిరుగుతూ జారే గాలిసుడులు నేలను సమీపించినప్పుడు చేసే శబ్దమది. పెద్ద విమానం వెనుక చిన్న విమానాన్ని వెంటనే దిగనివ్వకుండా కంట్రోలర్లు దూరం పాటించడానికి కారణం ఆ సుడులే. మొదటిసారి వచ్చినవారు ఇంజన్ రొదకు చెవులు మూసుకుంటారు. అలవాటైనవారు రొద పోయాక చెవులు రిక్కిస్తారు.

ఈ తోటకు సంబంధించి అన్నిటికన్నా పెద్ద అతిథి ఎమిరేట్స్ సంస్థ నడిపే ఎయిర్‌బస్ ఏ380. రెండంతస్తుల ఈ విమానం దుబాయ్ నుంచి మాంచెస్టర్‌కు రావడం 2010 సెప్టెంబర్ 1న మొదలైంది. రెక్కల కొస నుంచి కొసకు దాదాపు 80 మీటర్లు, చక్రాలు 22, నిండా బరువెత్తితే 560 టన్నుల పైమాట. ఇంతటిది తక్కిన విమానాల కన్నా నెమ్మదిగా వస్తున్నట్టు కనిపించడం కంటికి కలిగే భ్రమ మాత్రమే. తెలుగువారికి ఈ విమానంతో ఉన్న బంధుత్వం ప్రత్యక్షమైనది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయాల్లో చదువుకునే విద్యార్థుల్లోనూ, ఆ చుట్టుపక్కల ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసే వైద్యుల్లోనూ తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారు ఇంటికి రావాలన్నా, వారి తల్లిదండ్రులు చూడడానికి పోవాలన్నా గల్ఫ్ మీదుగా హైదరాబాదు చేరడం అలవాటైన దారి. అమ్మానాన్నలను భద్రతా తనిఖీ వరకు సాగనంపిన కొడుకుకు ఆ తర్వాత విమానాశ్రయంలో ఇక చూడదగిందేమీ ఉండదు, ఫోన్లో సందేశాలు తప్ప. పడమటి గాలి రోజున, ఒక్క రన్‌వేతోనే పని నడిచే వేళ, అదే కొడుకు పది నిమిషాల దూరంలోని ఈ తోటకు వస్తే, ఏ కిటికీ వెనుక ఉన్నారో తెలియకపోయినా, వాళ్లు కూర్చున్న విమానం వరుసలో ఆగడాన్నీ, రన్‌వే ఎక్కడాన్నీ, చక్రాలు నేలను విడవడాన్నీ చివరిదాకా చూడగలడు. పూర్వం రైల్వే ప్లాట్‌ఫాం మీద ఎవరికైనా దొరికిన ఈ సౌకర్యం విమానయుగంలో ఒక బీరు వ్యాపారి దయాధర్మం మీద ఆధారపడడం విచిత్రమే.

చూడడమనే ఈ అభిరుచి బ్రిటన్‌లో యుద్ధం కడుపున పుట్టింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆకాశంలో కనిపించే విమానం తమదో శత్రువుదో ఆకారాన్ని బట్టి, ఇంజన్ చప్పుడును బట్టి గుర్తుపట్టడం ప్రాణావసరమైంది. అందుకోసం స్వచ్ఛంద పరిశీలకులకు శిక్షణ ఇచ్చారు, 1941లో ఏరోప్లేన్ స్పాటర్ అనే పత్రిక కూడా వెలువడింది. అదే కాలంలో, 1942లో, సదరన్ రైల్వేలో గుమాస్తాగా ఉన్న ఇయాన్ అలన్ అనే యువకుడు రైలింజన్ల నంబర్లతో ఒక చిన్న పుస్తకం అచ్చువేయగా అది వేడివేడిగా అమ్ముడుపోయింది. ఆ సంస్థే తర్వాత పౌర విమానాల నమోదు సంఖ్యలకూ అటువంటి పుస్తకాలు తెచ్చింది. ప్రతి విమానానికీ దాని దేశాన్ని తెలిపే అక్షరాలతో మొదలయ్యే నమోదు గుర్తు తోక దగ్గర రాసి ఉంటుంది: బ్రిటన్‌కు జి, ఐర్లండ్‌కు ఈఐ, అరబ్ ఎమిరేట్స్‌కు ఏ6, భారత్‌కు వీటీ. ఈ గుర్తును చదివి పుస్తకంలో గీత గీయడం, ఒక సంస్థ విమానాలన్నిటినీ చూసి ముగించడం, కొత్తగా రంగు మారిన దాన్ని ఇతరుల కన్నా ముందు గుర్తించడం ప్లేన్ స్పాటర్లు అనే ఈ పరిశీలకుల నిత్యకృత్యం. ఏ ఫలమూ ఆశించకుండా ఇంత శ్రద్ధ దేనిమీదనైనా పెట్టేవారిని లోకం వెర్రివాళ్ల కింద జమకట్టడం కొత్తేమీ కాదు. శాసనాలు నకళ్లు తీసుకుంటూ ఊళ్లు తిరిగినవారిని కూడా ఒకనాడు ఊళ్లు అలాగే చూశాయి.

పైలట్లకూ కంట్రోల్ టవర్‌కూ మధ్య సాగే రేడియో సంభాషణ వినడానికి చిన్న స్కానర్ రేడియోలు దొరుకుతాయి. బ్రిటన్‌లో అనుమతి లేకుండా దాన్ని వినడం చట్టరీత్యా తప్పు, కానీ ఆ రేడియోలు బాహాటంగానే అమ్ముడుపోతాయి. చట్టమూ ఆచారమూ ఒకరినొకరు చూడనట్టు తప్పుకుని పోవడంలో ఇంగ్లీషువారు మనకేమీ తీసిపోరు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ను స్పీడ్‌బర్డ్ అని, ఐర్లండ్‌కు చెందిన ఏర్ లింగస్‌ను షామ్‌రాక్ అని పిలిచే ఆ సంభాషణలో పేర్లే ఒక ఆకర్షణ. ఇప్పుడు స్కానర్ అవసరం కూడా తగ్గింది. విమానాలు తమ స్థానాన్నీ ఎత్తునూ వేగాన్నీ నిరంతరం రేడియోలో ప్రసారం చేస్తుంటాయి; 2006లో స్వీడన్‌కు చెందిన ఇద్దరు విమాన ప్రియులు ఆ సంకేతాలను పట్టుకుని పటం మీద చూపడంతో మొదలైన ఫ్లైట్‌రాడార్24 ఈ రోజు హైదరాబాదులో పిల్లలను విదేశాలకు పంపిన ప్రతి ఇంటి ఫోన్లోనూ ఉంది. తెల్లవారుజామున మూడు గంటలకు అరేబియా సముద్రం మీద పసుపుపచ్చ బొమ్మ కదులుతుంటే దాన్ని చూస్తూ మేలుకునే తల్లి తనకు తెలియకుండానే మూడో వర్గంలో చేరింది.

కంచె పక్కన నిలబడి అంకెలు రాసుకునేవాడి మీద అనుమానం కలగడం కూడా ఆ అభిరుచి అంత పాతదే. 2001 నవంబరులో గ్రీసు దేశంలోని కలమాటా వైమానిక స్థావరం వద్ద పన్నెండుమంది బ్రిటిష్, ఇద్దరు డచ్ స్పాటర్లను గూఢచారులన్న అభియోగంతో అరెస్టు చేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో శిక్షలు పడ్డాయి, నవంబరులో అప్పీలులో అందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. నంబర్లు రాసుకోవడమే సంతోషం కాగలదని నమ్మించడానికి వారి న్యాయవాదులకు ఏడాది పట్టింది. భారతదేశంలో 1937 నాటి విమాన నియమాల్లోని 13వ నియమం ప్రభుత్వ విమానాశ్రయాల్లో లిఖితపూర్వక అనుమతి లేకుండా ఫొటో తీయడాన్ని నిషేధించింది; ప్రయాణికులకు తర్వాత సడలింపులు వచ్చినా, కంచె దగ్గర కెమెరాతో నిలబడ్డవాడిని చూసే చూపు మాత్రం పెద్దగా మారలేదు.

విమానాశ్రయాలు మొదటి నుంచీ ఇలా మొహం తిప్పుకుని కూర్చోలేదు. జనం విమానం ఎక్కే స్తోమత లేని రోజుల్లో వారిని చూడడానికైనా రప్పించడం కోసం పాత టెర్మినళ్లకు మేడమీద వీక్షకుల వసారాలు కట్టేవారు. 1962లో తెరిచిన మాంచెస్టర్ టెర్మినల్‌లోనూ ఆ సౌకర్యం ఉండేది. భద్రతాభయాలు పెరిగాక అవి మూతపడ్డాయి, దుకాణాల అద్దెలే విమానాశ్రయాలకు పెద్ద ఆదాయంగా మారాక మళ్లీ తెరవవలసిన అగత్యం కనిపించలేదు. ఈనాటి టెర్మినల్ ప్రయాణికుడిని తనిఖీ నుంచి నేరుగా అత్తరు సీసాల మధ్యకు, అక్కడి నుంచి కిటికీల్లేని గొట్టంలోకి, గొట్టంలో నుంచి కుర్చీలోకి పంపుతుంది. తాను ఎక్కిన విమానం ఏ ఆకారంలో ఉందో చూడకుండానే ఏడువేల కిలోమీటర్లు దాటి దిగిపోయే ప్రయాణికులు ఎందరో. ఏ380లో తోక మీద అమర్చిన కెమెరా దృశ్యాన్ని సీటు ముందున్న తెర మీద చూపుతారు, అంటే కంచె దగ్గర ఉచితంగా దొరికే దృశ్యంలో అరచేతంత ముక్కను వేల రూపాయల టికెట్టు మీద కొసరుగా ఇస్తున్నారన్నమాట. ఎగరడంలోని అబ్బురం ఎగిరేవారి చేతుల్లో నుంచి జారిపోయి ఎగరనివారి దగ్గర మిగిలిందనీ, మూసేసిన వసారాకు వారసత్వం ఏ ప్రణాళికా లేకుండా ఒక పబ్ తోటకు దక్కిందనీ చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇదంతా చెప్పుకున్నాక, మాంచెస్టర్ రన్‌వే మీద జరిగినవన్నీ చూడముచ్చటైనవే అనుకుంటే పొరపాటు. 1985 ఆగస్టు 22న గ్రీసు దీవి కోర్ఫూకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ బోయింగ్ 737 ఇదే రన్‌వే మీద పరుగెడుతుండగా ఎడమ ఇంజన్ పగిలి మంటలు లేచాయి. ఎగరకుండా ఆపగలిగినా, గాలి మంటను విమానం మీదికి తోయడంతో 55 మంది చనిపోయారు, వారిలో ఎక్కువమందిని బలిగొన్నది పొగ. నేడు ప్రతి విమానంలో నేల వెంబడి వెలిగే దారిదీపాలు, తేలిగ్గా అంటుకోని సీటు తొడుగులు తప్పనిసరి కావడానికి ఆ ప్రమాదం ముఖ్య కారణాల్లో ఒకటి. రెండో రన్‌వే కోసం బోలిన్ నది లోయను తవ్వుతున్నప్పుడు, 1997లో, పర్యావరణ ఉద్యమకారులు చెట్ల మీద గుడిసెలు, నేలలో సొరంగాలు కట్టుకుని నెలల తరబడి అడ్డుపడ్డారు. కరేబియన్‌లోని సెయింట్ మార్టెన్ దీవిలో, సన్‌సెట్ బార్ పక్కనున్న మాహో ఇసుకతీరాన, ఎగరబోయే విమానాల వేడిగాలిని కంచె పట్టుకుని భరించడం వేడుకైపోగా, 2017లో ఒక పర్యాటకురాలు ఆ గాలి తోపుకు పడి మరణించింది. చూపరితనానికి కూడా ఒక హద్దు ఉండాలని, అది కంచెకు కొన్ని గజాల ఇవతల కుర్చీ వేసుకుని కూర్చోవడమేనని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ మేరకు మాంచెస్టర్ పబ్ పద్ధతి మాహో పద్ధతి కన్నా మెరుగు.

తెలుగు నేల మీద ఈ దాహం లేదని ఎవరూ అనలేరు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచి బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆపేసేవరకు నగరం నడిమధ్య ఇళ్ల డాబాల మీదుగా విమానాలు దిగుతుంటే ఒక తరం పిల్లలు తలలెత్తి చూస్తూ పెరిగారు. అదే బేగంపేటలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనకు సామాన్యులను అనుమతించే రోజుల్లో కిక్కిరిసే జనం ఆ దాహం తీరలేదనడానికి సాక్ష్యం. ఆ దాహం తీర్చే దారికి ఉదాహరణ మాంచెస్టర్‌లోనే ఉంది. అక్కడి విమానాశ్రయంలో అధిక వాటా ఆ మహానగర ప్రాంతంలోని పది స్థానిక పురపాలక మండళ్లది. ఆ విమానాశ్రయమే పబ్‌ను ఆదర్శంగా తీసుకున్నదో లేదో గాని, రన్‌వే పక్కన చూపరుల కోసం ఒక ఉద్యానవనం నడుపుతోంది, కంచె కన్నా ఎత్తుగా మట్టిదిబ్బలు పోయించింది, 2003 అక్టోబర్ 31న చివరిసారి ఎగిరి వచ్చిన ఒక కాంకార్డ్ విమానాన్ని అక్కడే నిలిపి చూపుతోంది. శంషాబాదుకైనా, గన్నవరానికైనా, భోగాపురానికైనా ఇందుకు కావలసింది రన్‌వే పక్కన రెండెకరాల స్థలం, కంచెను దాటి చూపు ఆనేంత ఎత్తున ఒక దిబ్బ, నాలుగు బెంచీలు, ఒక టీకొట్టు. పబ్ అక్కర్లేదు. విమానాశ్రయాల నిర్వాహకులు తమ తదుపరి విస్తరణ ప్రణాళికలో ఈ రెండెకరాలను గుర్తుంచుకోవాలి.